గైయస్ విల్లోసస్

గైయస్ విల్లోసస్ పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని మెట్ట ప్రాంతాలలో నివసించే ఒక సాలీడు జాతి. నేలలో బొరియ తవ్వుకొని, దాని నోటికి పట్టుదారంతోనూ మట్టితోనూ చేసిన తలుపు వంటి మూతను అమర్చుకొనే సాలీళ్ళను ట్రాప్‌డోర్ సాలీళ్ళు అంటారు. ఈ జాతి ఆ కోవకు చెందినది. తెలుగులో వీటికి వాడుకలో ఉన్న పేరు లేనందున ఈ వ్యాసంలో "మూత సాలీడు" అనే మాటను ఉపయోగించడమైనది. ఈ జాతికి చెందిన ఒక ఆడ సాలీడు సుమారు 43 సంవత్సరాలు జీవించినట్లు 2018లో ప్రకటించారు. అప్పటివరకు నమోదైన సాలీళ్ళ ఆయుర్దాయాలలో అదే అత్యధికం.

సాలీడు అనగానే మనకు దూలాల సందున వ్రేలాడే గూడు జ్ఞాపకం వస్తుంది. "సాలె" అన్న మాటలోనే నేత ఉన్నది. అయితే మూత సాలీడు గాలిలో వల అల్లదు. దాని పొట్ట చివరి గ్రంథుల నుండి వచ్చే పట్టుదారం మన ఇంటి గోడకు సున్నంలాగా బొరియ గోడకు పూతగా ఉపయోగపడుతుంది. నేత విద్యను ఇది గృహనిర్మాణానికి వాడుకొన్నదని చెప్పవచ్చును.

పేరు, వర్గీకరణ

ఈ జాతిని 1914లో విలియం జోసెఫ్ రెయిన్‌బో తొలిసారిగా వర్ణించాడు. ఆయన సిడ్నీ నగరంలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త. "విల్లోసస్" అనే లాటిన్ పదానికి రోమాలు గలది అని అర్థం. తరువాత ఈ జాతిని చాలా కాలం పాటు అనిడియాప్స్ అనే ప్రజాతిలో చేర్చి, అనిడియాప్స్ విల్లోసస్ అని వ్యవహరించారు. 2017లో ఆస్ట్రేలియా మూత సాలీళ్ళ ప్రజాతులను పునఃపరిశీలించినపుడు గైయస్ ప్రజాతిని తిరిగి వేరు చేశారు. కాబట్టి పాత పుస్తకాలలో కనిపించే అనిడియాప్స్ విల్లోసస్, ఇప్పటి గైయస్ విల్లోసస్ ఒకటేనని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఇది సంధిపాద జీవుల వర్గంలోని అరాక్నిడా తరగతికి, ఇడియోపిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబపు సాలీళ్ళు ఆఫ్రికా, మడగాస్కర్, దక్షిణ అమెరికా, భారతదేశం, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఉన్నాయి. ఇన్ని సముద్రాలకు ఆవలా ఈవలా ఎట్లా వ్యాపించాయన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. ఒకప్పుడు ఈ భూభాగాలన్నీ కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా ఉండేవి. అది చీలి ముక్కలైనపుడు ఈ సాలీళ్ళ పూర్వీకులు ఆ ముక్కలతో పాటు తరలిపోయాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ మహాఖండానికి ఆ పేరు మధ్య భారతంలోని గోండుల సీమను బట్టి వచ్చింది. ఆదిలాబాదు గోండులు మనకు తెలిసినవారే. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు కూడా గోండ్వానా శిలలలోనే ఉన్నది.

అనిడియాప్స్ ప్రజాతికి 1897లో పేరు పెట్టిన రెజినాల్డ్ పోకాక్, 1899లో అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన నీలిరంగు టరంటులాను కూడా వర్ణించాడు. గుత్తి టరంటులా బొరియ తవ్వదు, చెట్ల తొర్రలలో ఉంటుంది. అయినా రెండూ మిగాలోమార్ఫే అనే ఒకే ఉపక్రమానికి చెందినవి గనుక వాటిని దూరపు బంధువులుగా పరిగణించవచ్చును.

శరీర నిర్మాణం

సాలీళ్ళకు కీటకాలవలె ఆరు కాక ఎనిమిది కాళ్ళు ఉంటాయి. మిగాలోమార్ఫే సాలీళ్ళను మన ఇళ్ళలో కనిపించే సాలీళ్ళ నుండి వేరు చేసే గుర్తులు రెండు ముఖ్యమైనవి. మొదటిది కోరలు. ఇళ్ళలోని సాలీడు కోరలు పట్టకారు వలె రెండు ప్రక్కల నుండి ఒకదానికొకటి ఎదురుగా మూసుకొంటాయి. మూత సాలీడు కోరలు మాత్రం రెండు గునపాల వలె సమాంతరంగా పైనుండి క్రిందికి దిగుతాయి. ఎరను నేలకు అదిమిపెట్టి పొడవడానికి ఈ అమరిక అనువైనది. రెండవది శ్వాసావయవాలు. దీనికి పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలు ఉంటాయి. ఇళ్ళలో కనిపించే సాలీళ్ళకు సాధారణంగా ఒక జతే ఉంటుంది.

ఇవి కాక, కోరలను మోసే భాగం ముందు అంచున గట్టి ముళ్ళ వరుస ఉంటుంది. మట్టిని పెళ్ళగించడానికి అదే దానికి పలుగు, పార. ఆడ సాలీడు బలిష్ఠంగా, పొట్టి కాళ్ళతో ఉంటుంది. బొరియలో జీవితమంతా గడిపే ప్రాణికి పొడవైన కాళ్ళతో పని లేదు. మగ సాలీడు కాళ్ళు పొడవుగా, సన్నగా ఉంటాయి. దానికి నడక తప్పదు. ఎందుకో క్రింద చెప్పబడినది.

బొరియ

బొరియ నిలువుగా లోతుకు దిగుతుంది. గోడలు రాలిపోకుండా లోపలంతా పట్టుపూత ఉంటుంది. పైన పలచని మూత. మూత ఒక అంచు మడతబందు వలె బొరియ అంచుకు అతుక్కొని ఉంటుంది. మూతపై మట్టీ రాలిన ఆకుల ముక్కలూ అంటించి ఉండడం వలన పక్కనే నిలబడినా అక్కడ బొరియ ఉన్నదని తెలియదు. సాలీడు పెరిగిన కొద్దీ బొరియను వెడల్పు చేసుకొంటుంది, మూతకు అంచున మరి కొంత పట్టూ మట్టీ చేర్చి పెద్దది చేస్తుంది. అందుచేత మూత వెడల్పును బట్టి లోపల ఉన్నది పిల్లదా, పెద్దదా అని అనుభవజ్ఞులు బయటి నుండే అంచనా వేయగలరు. తవ్వి చూడవలసిన పని లేదు. దీర్ఘకాల పరిశోధనకు ఈ సౌకర్యమే ఆధారమైనది.

ఈ బొరియలో రెండు విశేషాలున్నాయి. మొదటిది, నోటి చుట్టూ ఉండే పుల్లల వరుస. సాలీడు సన్నని పుల్లలను, ఎండుటాకులను ఏరి, వాటి ఒక కొసను పట్టుదారంతో బొరియ అంచుకు కట్టి, బండిచక్రపు ఆకుల వలె నలువైపులా పరచి ఉంచుతుంది. దీని ఉపయోగం వేట గురించిన భాగంలో వివరించబడినది.

రెండవది మరింత ఆశ్చర్యకరమైనది. బొరియ లోపలి పట్టుపూతలో కొంత భాగం గోడకు గట్టిగా అంటుకొని ఉండదు. మేజోడు వలె వదులుగా ఉంటుంది. తేలో జెర్రో మూత తోసుకొని లోపలికి దిగితే, అడుగున ఉన్న సాలీడు ఆ మేజోడును క్రిందికి లాగుతుంది. అది ముడుచుకొని బొరియకు అడ్డుగా పడుతుంది. దిగిన శత్రువుకు తన ముందు కనిపించేది లోతు లేని ఒక ఖాళీ గుంట. గృహిణి మాత్రం ఆ దొంగ అడుగుకు క్రింద, అసలు గదిలో భద్రంగా ఉంటుంది. కోటలకు రహస్య మార్గాలు కట్టించిన రాజులను చరిత్ర పాఠాలలో చదువుతాము. ఈ ప్రాణి అటువంటి ఏర్పాటును ఎవరూ నేర్పకుండానే చేసుకొంటున్నది.

వేట

మూత సాలీడు రాత్రివేళ వేటాడుతుంది. వేట అంటే తిరగడం కాదు. మూతను కాస్త ఎత్తి, ముందు కాళ్ళను బొరియ అంచుపై ఆనించి కదలకుండా కూర్చుంటుంది. దాని చూపు అంతంత మాత్రమే. బయట పరచిన పుల్లలపై ఏ చీమో పురుగో నడిస్తే ఆ కదలిక పుల్ల వెంట అంచు వరకు వచ్చి కాళ్ళకు తగులుతుంది. ఏ దిక్కు నుండి వచ్చిందో కూడా దానికి తెలుస్తుంది. వెంటనే బయటకు దూకి, పట్టుకొని, లోపలికి లాక్కుపోతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. పుల్లలు లేకపోతే అంచును తాకిన పురుగు మాత్రమే దొరుకుతుంది. పుల్లలుంటే వాటి పొడవు మేరకు వేటస్థలం విస్తరిస్తుంది. ఆహారంలో చీమలు ముఖ్యమైనవి. బీటిల్ పురుగులు, బొద్దింకలు, రెక్కల పురుగులు కూడా దొరికినపుడు తింటుంది.

ఇట్లా కూర్చుని తినే జీవికి శక్తి వ్యయం చాలా తక్కువ. తిండి లేకుండా చాలా కాలం ఓర్చుకోగలదు. దాని దీర్ఘాయువుకు ఇదొక కారణమని పరిశోధకులు అంటారు.

మూత సాలీళ్ళ కాటు నొప్పి కలిగించవచ్చు గాని మనిషికి ప్రాణాపాయం కాదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని సిడ్నీ ఫన్నెల్‌వెబ్ సాలీడు మాత్రం ప్రమాదకరమైనది. దాని విషానికి విరుగుడు మందు 1981లో అందుబాటులోకి వచ్చింది. రెండూ నల్లగా, బలిష్ఠంగా ఉండడం వలన జనం పొరబడుతుంటారు. ఫన్నెల్‌వెబ్ బొరియకు మూత ఉండదు.

జీవిత చక్రం

ఆస్ట్రేలియా దక్షిణార్ధగోళంలో ఉన్నందున అక్కడి ఋతువులు మనకు తలక్రిందులుగా ఉంటాయి. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మండువేసవి, జూన్ నుండి ఆగస్టు వరకు చలికాలం. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి భాగంలో వానలు చలికాలంలో కురుస్తాయి.

మగ సాలీడు కొన్నేళ్ళు బొరియలో పెరిగి, యుక్తవయస్సు రాగానే బొరియను విడిచిపెడుతుంది. శరత్కాలపు తొలి వానలకు నేల తడిసిన రాత్రులలో ఆడ సాలీడు బొరియను వెదుకుతూ నడుస్తుంది. మళ్ళీ ఇల్లు కట్టుకోదు. ఆ ఋతువు గడిచేసరికి దాని జీవితం ముగుస్తుంది. ఆడ సాలీడు కథ వేరు. యుక్తవయస్సు తరువాత కూడా అది కుబుసం విడుస్తూ జీవిస్తుంది. సాధారణంగా మూత సాలీళ్ళ ఆయుర్దాయం 5 నుండి 20 ఏళ్ళని చెబుతారు.

గ్రుడ్లు, పిల్లలు తల్లి బొరియలోనే ఉంటాయి. వేసవి ఎండలు గడిచి వానలు పడ్డాక పిల్లలు బయటకు వస్తాయి. చాలా రకాల సాలీడు పిల్లలు దారపు పోగును గాలికి వదిలి, దానితో పాటు ఎగిరి దూరదేశాలకు పోగలవు. మూత సాలీడు పిల్లలు అట్లా ఎగరవు. నడచిపోతాయి. చిన్న కాళ్ళతో పోగలిగినంత దూరం పోయి, తల్లి బొరియకు సమీపంలోనే తమ శరీరానికి తగినంత చిన్న బొరియ తవ్వుకొంటాయి. వాటిలో అధిక భాగం చిన్నతనంలోనే చనిపోతాయి. బ్రతికిన ఆడపిల్ల ఆ బొరియను పెద్దది చేసుకొంటూ జీవితాంతం అక్కడే ఉంటుంది. పెద్ద బొరియ పాడైపోతే మరొక చోట కొత్తగా కట్టుకోవడం దానికి అలవాటు లేదు. మరొక సాలీడు వదిలిన బొరియలోకి చేరడం కూడా లేదు.

పదహారవ నంబరు సాలీడు

ఈ జాతి గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా ఒక వ్యక్తి పరిశ్రమ ఫలితం. బార్బరా యార్క్ మెయిన్ (1929–2019) పశ్చిమ ఆస్ట్రేలియాలోని కెల్లర్‌బెరిన్‌లో జన్మించి, సమీపంలోని టామిన్ ప్రాంతపు వ్యవసాయ క్షేత్రంలో పెరిగింది. 1956లో వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. ఆ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో ఆ పట్టా పొందిన తొలి మహిళ ఆమెయే. సాలీళ్ళపై శాస్త్ర గ్రంథాలతో పాటు తన ప్రాంతపు ప్రకృతి గురించి సాహిత్య విలువ గల పుస్తకాలు కూడా వ్రాసింది.

1974లో ఆమె టామిన్ సమీపంలోని నార్త్ బంగుల్లా అభయారణ్యంలో ఒక చిన్న స్థలాన్ని ఎంచుకొని, అక్కడి గైయస్ విల్లోసస్ బొరియల ప్రక్కన అంకెలు వేసిన చిన్న గూటాలు పాతడం మొదలుపెట్టింది. ఆ సంవత్సరం తల్లి బొరియ విడిచి వచ్చి కొత్తగా ఇల్లు కట్టుకొన్న పిల్లలలో ఒకదానికి 16వ అంకె వచ్చింది. అటుపై ఏటేటా ఆమె అక్కడకు వెళ్ళి, ఒక్కొక్క గూటం వద్ద వంగి, మూత ఉన్నదా, అంచు పట్టు తాజాగా ఉన్నదా, బొరియ ఎంత వెడల్పయింది అని చూచి వ్రాసుకొనేది. కాలక్రమంలో గూటాల సంఖ్య వంద దాటింది. అప్పటి పరికరాలు గూటం, కొలబద్ద, నోటుపుస్తకం మాత్రమే. ఇటువంటి పరిశోధనకు డబ్బు కన్న ఎక్కువగా కావలసినది వచ్చే ఏడు కూడా వెళ్ళే ఓపిక.

నలభై ఏళ్ళ తరువాత గూటం దగ్గర ఉన్నది ఆ సాలీడేనని ఎట్లా చెప్పగలరు అని విద్యార్థులు అడగవచ్చును. జవాబు పైన చెప్పిన స్వభావంలోనే ఉన్నది. ఆడ సాలీడు బొరియ మార్చదు. ఒకటి చనిపోతే ఆ బొరియలో మరొకటి చేరదు. కనుక 16వ గూటం దగ్గరి బొరియ చెక్కుచెదరకుండా కొనసాగినంత కాలం అందులో ఉన్నది 1974 నాటి ఆ పిల్లే.

మెయిన్ వయస్సు మీరిన తరువాత ఈ పనిని పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన లియాండా మేసన్ కొనసాగించింది. 2016 అక్టోబరు 31న ఆమె వెళ్ళి చూచినపుడు 16వ బొరియ మూతకు రంధ్రం పడి ఉన్నది. బొరియ పాడుబడి, సాలీడు లేదు. మూతలోని రంధ్రం పరాన్నజీవి అయిన కందిరీగ చేసినదని పరిశోధకులు గుర్తించారు. ముసలితనంతో కాక కందిరీగ వాత పడి మరణించినదని పత్రికలు వ్రాశాయి. నిజానికి కళేబరం దొరకలేదు. రంధ్రాన్ని బట్టి చేసిన నిర్ణయమే అది, అయినా బలమైన నిర్ణయం. మేసన్, గ్రాంట్ వార్డెల్-జాన్సన్, మెయిన్ కలిసి ఈ వివరాలను 2018లో పసిఫిక్ కన్సర్వేషన్ బయాలజీ అనే పత్రికలో ప్రచురించారు. అంతకు పూర్వం అత్యధిక వయస్సుగా చెప్పబడినది మెక్సికోలో పట్టుబడిన ఒక టరంటులా వయస్సు, 28 ఏళ్ళు. మెయిన్ ఆ మరుసటి సంవత్సరం, 2019 మే నెలలో మరణించింది.

శత్రువులు

తేళ్ళు, జెర్రులు, పక్షులు వీటికి శత్రువులు. వీటన్నిటికన్న క్రూరమైనది సాలీళ్ళను వేటాడే కందిరీగ. అది సాలీడును కుట్టి కదలకుండా చేసి, చంపకుండా, దాని శరీరంపై గ్రుడ్డు పెడుతుంది. గ్రుడ్డు నుండి వెలువడిన పురుగు ప్రాణంతో ఉన్న సాలీడును తింటూ పెరిగి, కందిరీగగా రూపొంది ఎగిరిపోతుంది. మన ఇళ్ళ గోడలకు మట్టిగూడు కట్టే కందిరీగ చేసేదీ ఇటువంటి పనే. అది పురుగులను, సాలీళ్ళను తెచ్చి గూటిలో మూసిపెడుతుంది. కొన్నాళ్ళకు ఆ గూటి నుండి కందిరీగ బయటకు రావడం చూచిన పెద్దలు, కందిరీగ ఝుంకారం విని విని పురుగే కందిరీగగా మారినదని భావించారు. భ్రమరకీటక న్యాయం అనే మాట అట్లా పుట్టినదే. వేదాంతంలో దృష్టాంతంగా దాని విలువ దానికున్నది. జీవశాస్త్రంలో మాత్రం పురుగు మారలేదు, తినబడింది.

నివాస ప్రాంతం, ముప్పు

పెర్త్ నగరానికి తూర్పున విస్తరించిన గోధుమ సీమను అక్కడివారు వీట్‌బెల్ట్ అంటారు. టామిన్ పెర్త్‌కు సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఏడాదికి 300 నుండి 400 మిల్లీమీటర్ల వాన, అంటే మన అనంతపురం కన్న తక్కువ. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. యూకలిప్టస్ (మనం జామాయిల్ అనేది ఈ కుటుంబపు చెట్టే), సరుగుడు జాతులు, ముళ్ళు లేని తుమ్మ జాతులు అక్కడి సహజ వృక్షసంపద. వాటి నుండి రాలిన సన్నని పుల్లలే సాలీడు బొరియ చుట్టూ కనిపిస్తాయి. బయటి నేల నిప్పులా కాలుతున్నా లోతైన బొరియ అడుగున చల్లగా, కొంత తేమగా ఉంటుంది. ఇంత పొడి నేలలో ఈ జాతి నిలిచి ఉండడానికి కారణం అదే.

ఇరవయ్యవ శతాబ్దంలో గోధుమ సాగు కోసం ఈ సీమలోని అడవిని విస్తారంగా నరికివేశారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాలలో ఏడాదికి పది లక్షల ఎకరాలు చదును చేయాలన్నది ప్రభుత్వ నినాదంగా ఉండేది. సీమ మధ్యభాగంలో సహజ వృక్షసంపదలో 90 శాతానికి పైగా పోయింది. మిగిలినవి పొలాల మధ్య ద్వీపాల వంటి చిన్న చిన్న అడవి తునకలు. నార్త్ బంగుల్లా అటువంటి తునకే.

చెట్లు పోవడం వలన మరొక అనర్థం జరిగింది. లోతైన వేళ్ళు గల చెట్లు నేలలోని నీటిని తోడి గాలిలోకి వదిలేవి. వాటి స్థానంలో ఏడాదికొకసారి మొలిచే గోధుమ వచ్చినపుడు భూగర్భజల మట్టం పైకి లేచింది. వేల ఏళ్ళుగా లోతున పేరుకొని ఉన్న ఉప్పు ఆ నీటితో పాటు పైకి వచ్చి పల్లపు నేలలను చవుడు బార్చింది. దీనికి తోడు 1970 దశకం నుండి నైరుతి ఆస్ట్రేలియాలో చలికాలపు వానలు తగ్గుముఖం పట్టాయి. గొర్రెలు మేసిన చోట నేల గట్టిపడుతుంది, రాలిన ఆకులు మిగలవు. పుల్లలు లేని చోట ఈ సాలీడు వేటస్థలం కుంచించుకుపోతుంది.

పక్షికైతే ఒక తునక నుండి మరొక తునకకు ఎగరడం సాధ్యమవుతుంది. మూత సాలీడు పిల్ల నడవగలిగే దూరం కొద్దిపాటిది. నడుమ ఉన్నది దున్నిన పొలం. అందుచేత ఒక తునకలో ఈ జాతి నశిస్తే పొరుగు తునక నుండి వచ్చి తిరిగి నిండడం దాదాపు అసాధ్యం. పైగా ఆడ సాలీళ్ళు దీర్ఘాయువులు కావడం వలన ఈ క్షీణత బయటకు త్వరగా కనిపించదు. పిల్లలు పుట్టడం ఆగిపోయిన చోట కూడా పాత బొరియలు, పాత మూతలు ఏళ్ళ తరబడి పదిలంగా కనబడుతుంటాయి. ఒకసారి వెళ్ళి బొరియలు లెక్కపెట్టి వచ్చినవారికి అంతా సవ్యంగా ఉన్నట్లే తోస్తుంది. పెద్ద మూతల నడుమ గోరంత చిన్న మూతలు ఎన్ని ఉన్నాయన్నది చూడాలి. ఇదే గోధుమ సీమలో నివసించే మరొక మూత సాలీడు, ఇడియోసోమా నైగ్రమ్‌ను ఆస్ట్రేలియా ప్రభుత్వం ముప్పు ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో చేర్చింది. దాని పొట్ట చివరి భాగం డాలు వలె గట్టిగా ఉంటుంది. శత్రువు బొరియలోకి వచ్చినపుడు తలక్రిందులుగా తిరిగి ఆ డాలునే అడ్డుపెడుతుంది.